పక్కింటి తాలింపు

అనగనగనగా, ఒక ఊళ్ళో గోడకి గోడ ఆనుకుని రెండిళ్ళుండేవే బుజ్జీ. ఒకింట్లో మంగాయమ్మ, ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు సింహాద్రి. పక్కింట్లో కొండమ్మ, ఆవిడకి గంపెడు పిల్లలు.

ఒక ఎండాకాలం సింహాద్రికి అమ్మవారు పోసింది. అమ్మవారంటే తెలుసుగా, ఒంటినిండా పొక్కులు, ఒళ్ళు పెనంలా కాలిపోవడం. ఆ రోజుల్లో మందులెక్కడివి? మంగాయమ్మ వాణ్ణి వేపాకుల మీద పడుకోబెట్టి, "పోలేరమ్మ తల్లీ, నా బిడ్డని నాకు దక్కించు" అని మొక్కుకుంది.

అప్పుడు గోడవతల కొండమ్మ పిల్లలు గోలగోలగా ఆడుకుంటున్నారు. మంగాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. "అంతమందిలో ఒక్కరికైనా పొక్కు రాలేదేం? నాకున్నదే ఒక్కడు, వాడే దొరికాడా తల్లీ నీకు?" అంది. అయ్యో, అంత మాట అనొచ్చా! కుళ్ళు తల్లీ, కుళ్ళు. అది కడుపులో పడిందంటే నోరు ఊరుకోదు.

ఆ తర్వాత సింహాద్రి మంచినీళ్ళు కూడా మింగడం మానేశాడు. మంగాయమ్మ దణ్ణం పెడుతూనే ఉంది, చెవి మాత్రం గోడవతలే. కొండమ్మ నవ్వు వినబడింది. "అమ్మవారు దాని మాటే వింటుంది. నా మొక్కు గడప దాటదు" అని ఏడ్చింది.

ఆ తర్వాత వాడు కళ్ళే తెరవలేదు. మంగాయమ్మ దణ్ణం పెట్టడమే మానేసింది. పెరట్లోకి వెళ్తే, అవతల కొండమ్మ పిల్లలకి అన్నాలు పెడుతోంది. "తినండి, తినండి! పులుసులూ వేపుళ్ళూ మీకే రాసిపెట్టాడు దేవుడు" అని పళ్ళు కొరుకుతూ గోడ మీంచి తొంగి చూసింది.

చూస్తే ఏముందీ, అందరి కంచాల్లోనూ చప్పిడి పప్పు, మజ్జిగ.

"ఇవాళా ఇదేనా? తాలింపు పెట్టవే అమ్మా" అని చిన్నాడు ఏడుస్తున్నాడు.

"తప్పు నాన్నా. పక్కింట్లో అమ్మవారుంది. మన తాలింపు ఘాటుకి సింహాద్రికి ఒళ్ళు భగ్గుమంటుంది. వాడు లేచేదాకా మనకీ చప్పిడే. మీరు బాగా ఆడండి, ఆ సందడికైనా వాడు కళ్ళు తెరుస్తాడు" అంది కొండమ్మ.

మంగాయమ్మ అక్కడే చతికిలబడింది. "నువ్వు లేవనుకున్నాను పోలేరమ్మ తల్లీ! గోడవతల కూర్చుని నా బిడ్డ కోసం చప్పిడి మెతుకులు తింటున్నావా!" అని భోరుమంది. ఏడ్చి, ముక్కు చీదుకుని, లోపలికెళ్ళి మళ్ళీ దీపం పెట్టింది. ఈసారి కొండమ్మ పిల్లల పేర్లు కూడా చెప్పి, ఒక్కరికీ పొక్కు రాకూడదని మొక్కుకుంది. వాడింకా కళ్ళు తెరవలేదు సుమా! అయినా ఆవిడకి గుండె నిబ్బరం వచ్చేసింది.

తర్వాత మెల్లిగా అమ్మవారు చల్లబడింది. సింహాద్రి లేచి కూర్చున్నాడు. వాడికి వేపాకు నీళ్ళు పోసిన రోజున మంగాయమ్మ తన పొయ్యి రాజెయ్యనే లేదు. గోడ దగ్గరికి పరిగెత్తి, "వదినా! ముందు నీ ఇంట్లో తాలింపు పడాలి! పిల్లల నోళ్ళు చచ్చిపోయి ఉంటాయి, పెట్టు, పెట్టు!" అని అరిచింది. అవతల ఆవాలు చిటపటలాడేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

కథ పోయె కంచికి,
కుళ్ళు పోయె గంగకి,
నువ్వెక్కు మంచానికి,
నిద్దరొచ్చె కంటికి.