మొదటి రోజు బంతి ఎవరికి?

తెనాలిలోని ఒక డిగ్రీ కాలేజీలో పానకాలరావు అనే ఆటల మాస్టారు ఉండేవాడు. మనిషి వెన్నపూస, కానీ ఎవరి మొహం మీదా "కాదు" అని చెప్పలేని మొహమాటం ఆయనది. వడ్డించేవాడు నొచ్చుకుంటాడేమోనని పెళ్ళి పంక్తిలో ఇక వద్దంటున్న కడుపులోకి ఇంకో రెండు బొబ్బట్లు తోసి, మర్నాడంతా మజ్జిగ తాగి పడుకున్న ఘనుడు. మొహమాటం గురించి పెద్దవాళ్ళు ఒక ముతక సామెత చెబుతారు. పిల్లలున్నారు కాబట్టి నేను చెప్పను.

ఆ కాలేజీకి బేస్‌బాల్ జట్టు ఉండేది. ఆ ఆటలో బంతి విసిరేవాడిని పిచ్చర్ అంటారు. క్రికెట్‌లో లాగా ఓవరుకొకరు మారడం ఉండదు. దాదాపు ఆటంతా ఒక్కడే విసరాలి. తర్వాత వాడి భుజానికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వకపోతే చెయ్యి పాడవుతుంది. అందుకే ఏ రోజు ఎవరు విసరాలో ముందే వంతులు వేసుకోవాలి. ఆ వంతులు వేయడం మాస్టారి పని.

ఆ ఏడు గుంటూరులో మూడు రోజుల పోటీలు పెట్టారు. యూనివర్సిటీ జట్టుకు ఆటగాళ్ళను ఎంచే పెద్దలు మొదటి రోజే వస్తారని తెలిసింది. ఇంకేం! పిచ్చర్లందరి కళ్ళూ మొదటి మ్యాచ్ మీదే పడ్డాయి.

మైదానంలో కరీముల్లా అనే పిచ్చర్ అడిగాడు. "సార్, మొదటి మ్యాచ్ నాకివ్వండి సార్."

గురి తప్పకుండా విసిరేది వాడే. మొదటి రోజు వాడే విసరాలని మాస్టారు మనసులో అనుకున్నాడు కూడా. "నువ్వేరా, ఇంకెవరు!" అన్నాడు.

అక్కడితో ఆగితే ఈ కథ ఉండేది కాదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇంకో పిచ్చర్ యేసుపాదం ఆయన్ని పట్టుకున్నాడు. వాడి మొహంలో ఆశ చూసి మాస్టారి నాలుక మడత పడింది. "నిన్ను కాదని ఎవరికిస్తాన్రా?" అనేశాడు.

మర్నాడు సాంబయ్య ఏకంగా ఇంటికే వచ్చాడు. వాడు ఆఖరి ఏడాది కుర్రాడు, జట్టులో అందరికన్నా వేగంగా విసిరేవాడు. గుమ్మంలో నిలబడి, "సార్, మొదటి మ్యాచ్ సంగతి ఒక మాట..." అని నసిగాడు. మాస్టారు వాడిని మాట పూర్తి చేయనివ్వలేదు. "నోరు తెరిచి అడగాలా నాయనా? ఆ మ్యాచ్ నీదే!" అని వీపు తట్టి పంపేశాడు. సాంబయ్య ఏదో చెప్పబోయి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. కుర్రాడు సిగ్గుపడ్డాడనుకుని మాస్టారు ముచ్చటపడ్డాడు.

ఆ జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి మ్యాచ్ విసిరేవాడు బయలుదేరే రోజు పొద్దున జట్టుకంతా ఇంటి నుంచి టిఫిన్ తేవాలి. మాస్టారు ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

ఆ పొద్దున బస్సు దగ్గరికి కరీముల్లా పరోటాల డబ్బాతో వచ్చాడు. వెనకాలే యేసుపాదం గారెల గిన్నెతో దిగాడు. ఆ వెనక సాంబయ్య పులిహోర తపేలాను ఎడమ చేత్తో నడుముకు ఆనించుకుని, ఆపసోపాలు పడుతూ వచ్చాడు. ముగ్గురూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ మాస్టారి వైపు చూశారు.

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. "తలా కాసేపు విసిరితే పోలేదూ..." అని గొణిగాడు.

"సార్, ఎవరికి మాటిచ్చారో చెప్పండి," అన్నాడు యేసుపాదం.

తప్పించుకునే దారి లేదు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ముగ్గురికీ ఇచ్చాన్రా. అది నా తప్పు. ఇవాళ కరీముల్లా విసురుతాడు. రేపు యేసుపాదం." సాంబయ్య వైపు తిరగడానికి ఆయన గుండెలు పీచుపీచుమన్నాయి. వాడికి ఇదే ఆఖరి అవకాశం. "సాంబయ్యా, ఇవాళ నీకు కాదురా," అన్నాడు.

సాంబయ్య తపేలా కింద పెట్టి, దాని పక్కనే చతికిలబడ్డాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదాల మీద మాత్రం నవ్వు!

"బతికించారు సార్! కుడి భుజం పైకి లేవట్లేదు. ఆ రోజు మీ ఇంటికొచ్చింది అది చెబుదామనే. మీరంత ప్రేమగా ఇచ్చేసరికి కాదనలేకపోయాను. రాత్రంతా కుంపటి మీద కూర్చున్నట్టుంది."

తన జబ్బు వీడికీ అంటుకుందని అర్థమై, మాస్టారు వాడి పక్కనే కూలబడి భుజం తడిమి చూశాడు. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నెలల తర్వాత అంత హాయిగా ఊపిరి తీసుకోవడం అదేనేమో.

యేసుపాదానికి మాత్రం అంత తేలిగ్గా కోపం తీరలేదు. నందివెలుగు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చున్నాడు. చివరికి, "ఆ రోజే చెబితే మా అమ్మ చీకటితో లేచి పప్పు రుబ్బే పని తప్పేదిగా సార్," అన్నాడు.

"తప్పేదే. ఇంటికొచ్చి అమ్మకు నేనే చెప్పుకుంటాలే," అన్నాడు మాస్టారు. అప్పుడు వాడు గారెల గిన్నె మూత తీశాడు.

గుంటూరులో దిగగానే మాస్టారు సాంబయ్యను డాక్టరుకు చూపించాడు. "ఇవాళ విసిరుంటే ఈ చెయ్యి మళ్ళీ బంతి పట్టేది కాదు. నెల రోజులు ఊరికే ఉంచండి, బాగవుతుంది," అన్నాడు డాక్టరు. మాస్టారు వింటూనే గోడకు ఆనుకుని, కొండవీటి చాంతాడంత నిట్టూర్పు విడిచాడు.

కరీముల్లా ఆ రోజు గెలిపించాడు. మర్నాడు యేసుపాదం చచ్చీచెడీ నెగ్గుకొచ్చాడు. మూడో రోజు సాంబయ్య బదులు అలవాటు లేని కుర్రాడొకడు విసిరాడు, జట్టు ఓడిపోయింది, అదీ చిత్తుగా. అయినా ఎవరి చెయ్యీ పాడవలేదు. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మాస్టారు మొదటి రోజే ఎంపిక పెద్దల దగ్గరికి వెళ్ళి, "మావాడికి భుజం నొప్పి. తగ్గాక ఒక్కసారి చూడండి. కుదరదంటే ఇప్పుడే చెప్పేయండి," అని అడిగాడు. వాళ్ళు సరేనన్నారు. నెల దాటాక సాంబయ్యను పిలిచి చూశారు, తీసుకున్నారు. కబురు విని మాస్టారు వాళ్ళింటికి వెళితే, సాంబయ్య తల్లి ఆయనకు పులిహోర పెట్టింది. రెండోసారి వడ్డించబోతే మాస్టారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలమ్మా, వద్దు," అన్నాడు.

నీతి: మొహమాటంతో అన్న "సరే" అన్నవాడినీ విన్నవాడినీ కూడా ముంచుతుంది, వేళకు చెప్పిన "కాదు" కాసేపు నొప్పించినా ఇద్దరినీ గట్టెక్కిస్తుంది.