రేపొచ్చే మాలకొండయ్య

అనగా అనగా, మీ తాతల తాత ఇంకా ఉయ్యాల్లో కాళ్ళు ఆడిస్తున్న కాలాన, కొర్రలపాడు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మాలకొండయ్య అని ఒక వైద్యుడు. నాడి పట్టి చూడటం, బెణికితే తోమటం, విరిగితే కట్టు కట్టటం ఆయన పని. చెయ్యి మంచిది, మనిషి మంచివాడు. ఒక్కటే లోపం. తెలియని జబ్బు వస్తే తెలియదని చెప్పేసేవాడు.

"నాకు తెలియదు. రేపు మళ్ళీ వస్తా" అనేవాడు.

ఇదేం వైద్యం చెప్పండి? పక్క ఊళ్ళ వైద్యులు తెలిసినా తెలియకపోయినా గడ్డం నిమురుకుని, కళ్ళు మూసుకుని, "పైత్యం" అనేవాళ్ళు. రోగికి ఎంత హాయి! పోయినా పైత్యంతో పోయాడని ఇంట్లోవాళ్ళకి ఒక తృప్తి. మన మాలకొండయ్య చేతిలో పోతే దేనితో పోయాడో కూడా తెలిసేది కాదు. అందుకే జనం ఆయనకి రేపొచ్చే మాలకొండయ్య అని పేరు పెట్టారు. వెక్కిరింపుకే పెట్టారు. ఆయనేమో నిజంగానే రేపు మళ్ళీ వచ్చేవాడు. అది చూసి జనానికి ఇంకా నవ్వొచ్చేది.

ఆ రోజుల్లో ఆ వైపు ఎండుజబ్బు అని ఒకటుండేది. జ్వరం ఉండదు, పుండు ఉండదు. మొదట చేతిలో పట్టు పోతుంది. తర్వాత కాళ్ళూ చేతులూ ఎండుతాయి. ఆ తర్వాత నాలుక పడిపోతుంది. ఆఖరికి మింగుడు పడదు, ఊపిరాడదు. అది మొదట ఒక కుమ్మరికి వచ్చింది. తర్వాత ఒక గొర్రెల కాపరికి వచ్చింది. మాలకొండయ్య ఆ ఇద్దరి మంచాల దగ్గరా కూచుని చూశాడు. ఇంటికొచ్చి మందు నూరటం మొదలుపెట్టాడు.

ఏ మందైనా ముందు తన మీదే వాడి చూసుకోవటం ఆయన పద్ధతి. మొదటి మందు నూనె. రాసుకుంటే కనుబొమలు రాలిపోయాయి. రెండో మందు కషాయం. తాగితే వినాయక చవితికి మొదలైన వెక్కిళ్ళు దీపావళికి తగ్గాయి. మూడోది లేహ్యం. అది ఆరబెట్టి అటు తిరిగేలోపు ఆయన మేక సగం తినేసింది. తిని, దడి దూకి, ఇంటి కప్పెక్కి, కప్పు మీది గడ్డి మేయసాగింది. మాలకొండయ్య ఆనందం చూడాలి. మిగతా సగం చేత్తో పట్టుకుని గొర్రెల కాపరి ఇంటికి పరిగెత్తాడు. అప్పటికి ఆ కాపరికి ఇంకా మాట ఉంది. లేహ్యం నాకి, "తియ్యగా ఉంది మావా" అన్నాడు. అంతే. ఏ కప్పూ ఎక్కలేదు.

మేకకి ఎండుజబ్బు లేదు కదా అన్న సంగతి మాలకొండయ్యకి తిరిగొచ్చే దారిలో తట్టింది. మేక మాత్రం చాలాకాలం బతికింది.

అయితే ఒక్క సంగతి ఆయనకి గట్టిగా తెలిసింది. కాపరి నాలుక కూడా పడిపోయాక, ఒకనాడు మాలకొండయ్య మంచం పక్కన కూచుని, "మీ నల్లగొర్రె ఈనిందిరా, కవల పిల్లలు" అన్నాడు. కాపరి మొహం కదల్లేదు. కళ్ళు మాత్రం నవ్వాయి. ఎండుజబ్బు ఒళ్ళంతా తింటుంది గానీ కళ్ళ జోలికి పోదు. లోపలి మనిషి లోపలే ఉంటాడు. ఈ మాట ఆయన ఊరంతా చెప్పాడు. జబ్బుకి మందే తెలియనివాడికి ఇదెట్లా తెలుసని జనం నవ్వారు.

మూడోసారి ఆ జబ్బు చెంచమ్మకి వచ్చింది.

చెంచమ్మ అంటే ఆ ఊళ్ళో పెద్ద నోరు. ఆమె వాకిట్లోకొచ్చి తిట్లు అందుకుందంటే కాకులు కూడా పక్కవీధి మీదుగా పోయేవి. కొడుకు పోలయ్య, కోడలు వెంగమ్మ ఆ తిట్లలోనే పొద్దున లేచేవాళ్ళు, ఆ తిట్లలోనే పడుకునేవాళ్ళు. అలాంటి మనిషికి ఒకనాడు చేతిలో రోకలి జారింది. మర్నాడు బావి దగ్గర చేద జారింది. మూడోనాడు అన్నంముద్ద జారింది. మాలకొండయ్యకి కబురు పంపింది.

"ఏందిరా మాలకొండా ఇది?"

"ఎండుజబ్బక్కా."

"మందేంది?"

"నాకు తెలియదు. రేపు మళ్ళీ వస్తా."

"నీ దినం జెయ్య. తెలీనోడివి రేపొచ్చి ఏం జేస్తావురా?"

"అదీ తెలీదక్కా."

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చినందుకు తిట్టేది. ఒకపూట ఆలస్యమైతే ఇంకా తిట్టేది. చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి. మాట ముద్దముద్దగా వస్తున్నా ఆయన్ని తిట్టే తిట్టు మాత్రం స్పష్టంగా పలికేది. తల కాస్త ముందుకు వంచి, జావ కొంచెం కొంచెంగా తాగించటం వెంగమ్మకి ఆయనే నేర్పాడు. అప్పుడెవరో కొండల్లో ఒక దుంప దొరుకుతుందని, అది ఎండిన కండని పట్టి నిలుపుతుందని చెప్పారు. మాలకొండయ్య మూట కట్టాడు.

"అక్కా, ఈసారి రేపు రాలేను. వానలు పడేలోపు వస్తా" అన్నాడు. చెంచమ్మ తిట్టలేదు. అదే ఆయనకి దిగులైంది.

ఆయన అటు పోయాడు, ఇటు చెంచమ్మ నాలుక పడిపోయింది.

ఊరు ఊరంతా బిత్తరపోయింది. ఒక రోజు చెంచమ్మ గొంతు వినపడలేదు. రెండో రోజు వినపడలేదు. మూడో రోజు జనం వాకిట్లోకొచ్చి తొంగిచూశారు. మంచం మీద దిండ్లకి ఆనుకుని, కదలకుండా, మెదలకుండా, కళ్ళు తెరుచుకుని కూచునుంది. వాళ్ళలో వీరాసామి అని ఒకడున్నాడు. గుళ్ళో గంట కొట్టేవాడు. ఆమె చేత ఎక్కువ తిట్లు తిన్నది వాడే. వాడు అంతసేపు ఆమె ముందు నిలబడ్డా ఒక్క తిట్టూ పడలేదు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది జబ్బు గాదు. తల్లి తపస్సులో ఉంది" అన్నాడు.

ఇంకేముంది. గంట తెచ్చి వాకిట్లో కట్టాడు. మొదట ఒకరు పసుపు పూశారు. తర్వాత ఒకరు కొబ్బరికాయ కొట్టారు. తర్వాత పొరుగూళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. తపస్సులో ఉన్నవాళ్ళు ఉప్పు ముట్టరాదని జావలో ఉప్పు మాన్పించారు. వెంగమ్మ ఏదో చెప్పబోతే, "తల్లి సేవ చేసుకునే భాగ్యం నీది, నోరు మూసుకో" అన్నారు. పోలయ్యకి అమ్మ తిట్టకపోవటం కొత్త చెప్పులు తొడిగినట్టుంది, అలవాటు కావటంలేదు. అయినా పదిమంది దణ్ణాలు పెడుతుంటే వాడూ పెట్టాడు.

ఆఖరికి వీరాసామి అన్నాడు: "తల్లి ఒళ్ళు రోజురోజుకీ చిక్కిపోతా ఉంది. అంటే వెళ్ళిపోదామని చూస్తా ఉంది. పున్నమి నాడు జీవసమాధి చేద్దాం." ఊరు సరేనంది. ఊరి బయట గొయ్యి తవ్వారు. మూతకి బండ తెచ్చారు.

పున్నమి పొద్దున మాలకొండయ్య వట్టిచేతులతో దిగాడు. కొండల్లో దుంప దొరికింది, రుచి చూశాడు, అది చిలగడదుంప. చెంచమ్మ వాకిట్లో జనం, గంట, పూలపల్లకీ. సంగతేందని అడిగితే తపస్సనీ, జీవసమాధనీ చెప్పారు. జనాన్ని తోసుకుని పోయి మంచం ముందు గొంతుక్కూచుని ఆమె కళ్ళలోకి చూశాడు. కళ్ళు ఆయన మీదే నిలబడ్డాయి.

"అక్కా, అవునంటే రెప్ప వాల్చు. కాదంటే వాల్చబాక. నువ్వు తపస్సులో ఉన్నావా?"

రెప్ప వాలలేదు.

"చూశారా, కాదంటంది" అన్నాడు మాలకొండయ్య.

"ఉన్నానని ఏ తల్లన్నా తన నోటితో చెప్పుకుంటుందా?" అన్నాడు వీరాసామి.

"సమాధిలోకి పోతావా అక్కా?"

రెప్ప వాలలేదు. కళ్ళలో నీళ్ళూరాయి.

"ఆనందబాష్పాలు" అన్నాడు వీరాసామి.

ఏం చేయాలో మాలకొండయ్యకి తెలియదు. రేపు మళ్ళీ వస్తానందామంటే రేపటికి బండ మూసేస్తారు. అడగటం ఒక్కటే దారి. అడిగాడు.

"నొప్పా? దాహమా? ఆకలా?" రెప్ప కదల్లేదు. "మరి జావ బాలేదా?" రెప్ప వాలింది. "వేడా? చల్లారిందా? ఉప్పు లేదా?"

రెప్ప వాలింది. మళ్ళీ వాలింది. మళ్ళీ వాలింది.

వెంగమ్మ లోపలికి పరిగెత్తి ఉప్పు తెచ్చి జావలో కలిపింది. తల వంచి తాగించింది. చెంచమ్మ మింగింది. జనం గుసగుసలు పోయారు. మాలకొండయ్యకి ధైర్యం వచ్చింది.

"అక్కా, ఎవరినన్నా తిట్టాలా?" రెప్ప టపటపలాడింది. "నన్నా?" కాదు. "కోడల్నా?" కాదు. "కొడుకునా?" కొంచెం ఆలోచించింది, కాదు. "వీరాసామినా?"

రెప్ప వాలింది.

ఆమె తిట్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు, తిన్నవాడు కదా. ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటూ పోయాడు. "నీ మొహం మండ? నీ నోట్లో మన్ను బడ? నీ దినం జెయ్య?"

మూడోదానికి రెప్ప గట్టిగా వాలింది. తనని పూడ్చిపెట్టబోయేవాడికి చెంచమ్మ పెట్టిన దినం అది. వెంగమ్మ అత్త కాళ్ళ మీద పడి భోరుమంది.

"మా అత్తే. మా అత్త లోపలే ఉంది" అంది.

వీరాసామి మొహం వెలిగిపోయింది. "చెంచమ్మే. నన్నిట్టా తిట్టేది ఇంకెవరు?" అని తన గంట తనే విప్పుకున్నాడు. పోలయ్య గొయ్యి దగ్గరికి పోయి బండ పక్కకి దొర్లించి, ఆ గొయ్యిని జొన్నలు పోసుకునే పాతర చేశాడు.

ఆ తర్వాత చెంచమ్మ ఇంకొన్నాళ్ళు బతికింది. జబ్బు తగ్గలేదు. మందు దొరకలేదు. కోడల్ని కళ్ళతోనే తిట్టేది, కోడలు ఏ తిట్టో తనే వెతుక్కుని తినేది. మాలకొండయ్య రోజూ వచ్చేవాడు. "ఉప్పు సరిపోయిందా అక్కా?" అని అడిగేవాడు. రెప్ప వాలేది. "ఊపిరెందుకు తగ్గుతుందో నాకు తెలియదు. రేపు మళ్ళీ వస్తా" అనేవాడు.

ఒక సాయంత్రం ఆయన లేవబోతే ఆమె కళ్ళు లేవనివ్వలేదు. నొప్పా అన్నాడు, కాదంది. ఉప్పా అన్నాడు, కాదంది. తిట్టాలా అన్నాడు, అదీ కాదంది. ఆయనకి ఏమీ తోచలేదు. పక్కనున్న వెంగమ్మ మెల్లగా, "దీవించాలా అత్తా?" అంది.

రెప్ప వాలింది. ఆమె చూపు మాలకొండయ్య మీద ఉంది.

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. చెంచమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ దీవించలేదు. ఆమె దీవెనలు ఎవరికీ కంఠతా రావు. ఏమని అడగాలి?

"నీ దీవెన ఎట్టా ఉంటుందో నాకు తెలియదక్కా" అన్నాడు మాలకొండయ్య. "రేపు మళ్ళీ వస్తా. అడుగుతా."

తెల్లారేసరికి చెంచమ్మ లేదు. దహనం అయిపోయింది. జనం ఇళ్ళకి పోయారు. సాయంత్రం ఎప్పటి వేళకే మాలకొండయ్య వచ్చాడు. వట్టి మంచం పక్కన గొంతుక్కూచున్నాడు.

"ఎందుకొచ్చావు చిన్నాయనా?" అంది వెంగమ్మ.

"వస్తానన్నానుగా తల్లీ" అన్నాడు. కాసేపు కూచుని, తనకి తెలిసిన దీవెనలన్నీ వరసగా, ఒక్కొక్కటీ ఆగి ఆగి, ఆ మంచాన్ని అడిగి వెళ్ళాడు.

ఎన్నో ఏళ్ళకి మాలకొండయ్యా పోయాడు. దేనితో పోయాడో ఎవరికీ తెలియలేదు, ఎవరూ పైత్యం అనలేదు. మర్నాడు సాయంత్రం ఊరు ఊరంతా వచ్చి ఆయన మంచం చుట్టూ కూచుంది. అందరికంటే ముందు వీరాసామి వచ్చాడు.

ఇప్పటికీ ఆ వైపు నోరులేని రోగికి ముద్ద పెట్టేముందు కళ్ళలోకి చూసి, ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. రెప్ప వాలేదాకా ముద్ద ఎత్తరు. రోగి దగ్గర్నుంచి లేచేటప్పుడు తగ్గిపోతుందని అనరు. తెలియదు, రేపు మళ్ళీ వస్తా అంటారు. ఆ రేపటికి మనిషి లేకపోయినా వస్తారు. వట్టి మంచం పక్కన కాసేపు కూచుని, "వస్తానన్నానుగా, వచ్చాను" అని చెప్పి వెళ్తారు.