కాకుల్ని తోలగలడా

ఉత్తర భిక్షువుకు నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. కారణం ఆరేళ్ళ పిల్లవాడు.

వాడి పేరు చిననాగుడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ విహారానికి చెప్పులు కుట్టి ఇచ్చే విధికుడనే అతని కొడుకు. తండ్రి తోలు కోసుకుంటూ కూర్చుంటే వీడు పాఠశాల గోడవార చేరి, లోపల భిక్షువులు వల్లించేది వినేవాడు. ఒకసారి విన్నది ఇక మరచిపోడు. నాలుగు వందల గాథలు తడుముకోకుండా చెబుతాడు. అర్థం అడిగితే అదీ చెబుతాడు, ముందు పాలపళ్ళు ఊడిన సందులోంచి గాలి పోతూ.

ఈ సంగతి పైకొండ విహారంవాళ్ళ చెవిన పడింది. అదీ ఉత్తరుడి బాధ. వాళ్ళు తెలివైన పిల్లల్ని ఏరి ఏరి చేర్చుకుంటున్నారు. పోయిన ఏడు వాదసభలో వాళ్ళ పదేళ్ళ బాలుడొకడు లేచి, ముప్ఫయ్యేళ్ళ ఉత్తరుణ్ణి మూడు ప్రశ్నల్లో కూర్చోబెట్టాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. వర్షావాసానికి ఎనిమిది రోజులుంది. వానాకాలం మూడు నెలలు భిక్షువులు కదలకుండా ఒకేచోట ఉండే వ్రతం అది. ఈలోగా ఏ విహారం చేర్చుకుంటే పిల్లవాడు వాళ్ళకే దక్కుతాడు.

ఉత్తరుడు గురువు దగ్గరికి వెళ్ళాడు. ధర్మనంది స్థవిరుడికి అప్పటికి ఎనభై దాటాయి. స్తూపం చుట్టూ రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. చెప్పిందంతా విని, ఒక్కటే అడిగాడు.

"కాకుల్ని తోలగలడా?"

"భంతే, వాడు నాలుగు వందల గాథలు..."

"విన్నాను. కాకుల్ని తోలగలడా?"

ఆయన వేళాకోళమేమీ ఆడలేదు. పదిహేనేళ్ళు నిండనివాణ్ణి సంఘంలోకి తీసుకోకూడదని తథాగతుడి నియమం. ఎక్కడో ఒక ఊళ్ళో జాడ్యం వచ్చి, ఒక ఇంట్లో పెద్దలంతా పోయి ఇద్దరు పసివాళ్ళు మిగిలితే, వాళ్ళ కోసం దాన్ని కాస్త సడలించారు. కాకుల్ని తోలగలిగిన పిల్లవాడైతే తీసుకోవచ్చు అన్నారు. చిత్రమైన కొలత. ఎన్ని గాథలు వచ్చు, ఎంత తెలివి ఉంది అని ఎవరూ అడగలేదు. తన ముందున్న అన్నాన్ని కాకి ఎత్తుకుపోకుండా చూసుకోగలడా, అంతే. ఇప్పుడు మన బళ్ళలో చేర్చుకోవడానికి పసివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి ఏమేమి అడుగుతున్నారో చూస్తే, ఆ పాతవాళ్ళు పిల్లల్ని పెంచినవాళ్ళేమో అనిపిస్తుంది. సరే, అది వేరే కథ.

ఉత్తరుడికి ఉక్రోషం వచ్చింది. "నన్ను మీరు ఆరో ఏటనే తీసుకున్నారు కదా, భంతే. నన్ను కాకుల్ని తోలమన్నారా?"

గురువు చీపురు ఆగింది.

"లేదు," అన్నాడు. మళ్ళీ ఊడవసాగాడు.

మర్నాడు పొద్దున్నే గురువు తానే ఒక ఆకులో అన్నం పెట్టి తెచ్చి, ముంగిట ఇటుకల మీద చిననాగుడి ముందు ఉంచాడు. "ఇది నీది. కాకుల్ని తినెయ్యనివ్వకు," అని పక్కకు తప్పుకున్నాడు.

కాకులు దిగాయి. వాటిలో ఒక కాకికి కుడికాలి వేళ్ళు లేవు, గెంతుతూ వచ్చింది. పిల్లవాడు దాన్నే చూస్తూ ఒక ముద్ద తీసి అరచేతిలో పెట్టి చాపాడు. అది ముందు మెడ వంచి అనుమానంగా చూసింది, తర్వాత తినేసింది. ముక్కు చేతికి తగిలి కితకితలు పెట్టిందేమో, వాడు పకపకా నవ్వాడు. చూస్తుండగానే ఆకు ఖాళీ అయింది.

"భంతే, దీనికి వేళ్ళు లేవు!" అని అరిచాడు ఉత్తరుడి వైపు తిరిగి. "పాపం, కుంటిది!"

గురువు ఆ నవ్వు ఆగేదాకా ఆగి అన్నాడు. "వాళ్ళమ్మకు అప్పజెప్పు. పెద్దవాడయ్యాక రమ్మను."

"ఎనిమిది రోజులు గడువివ్వండి, భంతే. నేర్పిస్తాను."

వద్దంటే, ఇలాంటి పరీక్షలేవీ పెట్టని పైకొండవాళ్ళు పిల్లవాణ్ణి పట్టుకుపోతారని గురువుకూ తెలుసు. చివరికి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఉత్తరుడు దాన్ని అనుమతి అనుకున్నాడు.

ఆ రోజు నుంచి పిల్లవాణ్ణి విహారంలోనే ఉంచుకుని నేర్పడం మొదలుపెట్టాడు. మొదట చప్పట్లు. రెండో రోజుకు కాకులకు చప్పట్లు అలవాటైపోయాయి. తర్వాత కర్ర. తర్వాత మట్టిబెడ్డలు. "తగలకూడదు, పక్కన పడాలి," అని దూరాలు కొలిచి గీతలు గీసి చూపించాడు. తక్కిన భిక్షువులకు ఇదో వినోదమైంది. "ఉత్తరుడు కొత్త శాస్త్రం మొదలుపెట్టాడు. ముందు కాకులకు వ్యాకరణం చెప్పవయ్యా, వాటంతటవే పారిపోతాయి!" అని ఒకాయన నవ్వాడు.

పిల్లవాడి తల్లి రోజూ జొన్న సంకటి మూకుడులో పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. ఆమె వచ్చినప్పుడల్లా పిల్లవాడి చూపు అటు పోతోందని మూడో రోజున ఉత్తరుడు బయటికి వెళ్ళాడు.

"అమ్మా, ఈ ఐదు రోజులు నువ్వు రాకు."

"నేనేం మాట్లాడనయ్యా. ఆ మూలన కూచుంటా."

"వాడి మనసు చెదురుతోంది. వాడు ఎంత గొప్పవాడవుతాడో నీకు తెలియదు."

"వాడు అన్నం కలిపి పెడితేగాని తినడయ్యా," అంది ఆమె. గొప్పతనం గురించి ఏమీ అనలేదు. మూకుడు ఇచ్చేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాడి ముందు ఆకు పెట్టి, కాకి ముట్టుకుంటే ఆ పూటకు గంజి ఒక్కటే అన్నాడు ఉత్తరుడు. రెండు పూటలు వాడు ఏడ్చాడు. మూడో పూట ఏడవలేదు. ఉత్తరుడికి అది మంచి గుర్తు అనిపించింది.

చిక్కంతా ఆ కుంటి కాకితోనే వచ్చింది. చప్పట్లకు బెదరదు, బెడ్డ పక్కన పడితే ఎగరదు. వాడి చేతిలో తిన్నది కదా, వాడంటే దానికి భయం లేదు.

"ఆ ఒక్కదాన్ని తోలలేకపోతే నువ్వు ఓడిపోయినట్టే," అన్నాడు ఉత్తరుడు ఏడో రోజున. పిల్లవాడు తల ఊపాడు. అప్పటికి వాడు మాటలు తగ్గించేశాడు.

ఎనిమిదో రోజు సంఘమంతా ముంగిట చేరింది. గురువు మళ్ళీ తానే అన్నం పెట్టాడు. ఆకు ముందు పిల్లవాడు నిలబడ్డాడు, ఎడమ పిడికిలి బిగించి. కాకులు వచ్చాయి. వాడు ఆ పిడికిలి మీదే చప్పట్లు కొట్టాడు, కర్ర తిప్పాడు, బెడ్డలు వేశాడు. ఉత్తరుడు గీసిన గీతల మీదే పడ్డాయి ఒక్కొక్కటీ. కాకులన్నీ లేచి గోడ మీదికి పోయాయి.

కుంటిది మాత్రం గెంతుతూ వాడి కాళ్ళ దగ్గరికి వచ్చి, మెడ వంచి చూసింది.

పిల్లవాడు చెయ్యి ఎత్తాడు. ఈసారి చేతిలో ఉన్నది మట్టిబెడ్డ కాదు, రాయి. ఎప్పుడు ఏరుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఎవరో అలవాటు కొద్దీ "సాధు" అనబోయి మధ్యలో ఆపేశారు. కాకి ఒకసారి రెక్క ఆడించి ఆగిపోయింది. పిల్లవాడు దాని వైపు చూడనే లేదు. ఉత్తరుణ్ణే చూస్తున్నాడు.

"ఒక్క మెతుకు కూడా పోలేదు, భంతే."

గోడ మీది కాకులు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపుల కిందే గురువు మెల్లగా వంగి, చచ్చిన కాకిని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, ఉత్తరుడి భిక్షాపాత్రలో పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్ళి మంగలికత్తి తెచ్చి, అది కూడా అతని చేతికిచ్చాడు.

"నియమం ప్రకారం వాడు నెగ్గాడు. గుండు గియ్యి."

ఉత్తరుడు పిల్లవాడి ముందు కూర్చున్నాడు. వాడు తనంతట తానే తల వంచాడు. కత్తి పట్టుకున్న చెయ్యి లేవలేదు.

"నిన్ను తీసుకున్నప్పుడు మీ అమ్మ ఆ గుమ్మం దగ్గర మూడు రోజులు కూర్చుంది, ఉత్తరా," అన్నాడు గురువు వెనకనుంచి. "నువ్వు ఒక్కసారి కూడా అటు చూడలేదు. అది నీ గొప్పతనం అనుకున్నాను."

ఉత్తరుడు తన తల్లి ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తుకు రాలేదు. పది వేల గాథలు గుర్తున్నాయి.

కత్తి కింద పెట్టి అడిగాడు. "నాగా, నీకు అమ్మ దగ్గరికి వెళ్ళాలని ఉందా?"

పిల్లవాడు తల ఎత్తి అతని ముఖాన్ని శ్రద్ధగా చూశాడు, గాథలోని కఠినమైన మాటను చూసినట్టు. ఆ ముఖంలో వాడికి జవాబు దొరకలేదు.

"ఏమని చెప్పాలి, భంతే?"

ఉత్తరుడు వాడి పిడికిలి పట్టుకుని ఒక్కొక్క వేలే విప్పాడు. లోపల ఇంకా రెండు రాళ్ళున్నాయి. వాటిని తీసేసి, వాణ్ణి ఎత్తుకుని గుమ్మం వైపు నడిచాడు. రావద్దన్నా వాడి తల్లి ఎనిమిది రోజులూ వచ్చిందని, గోడ అవతల కూర్చునేదని అతనికి అప్పటికి తెలియదు.

దారి పొడుగునా వాడు అతని భుజం మీద గాథలు అప్పజెబుతూనే ఉన్నాడు. ఎవరూ అడగలేదు.