హైమ అచ్చేసుకున్న నవల

అనగనగనగా కాలవ గట్టున ఒక ఊరు, ఆ ఊళ్ళో బస్టాండు వెనకాల ఒక అచ్చాఫీసు. ఆ అచ్చాఫీసులో హైమ అని ఒకావిడ పనిచేసేది. పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కొట్లవాళ్ళ బిల్లుబుక్కులు తయారుచేసేది. ఊరందరి పేర్లూ ఆవిడ వేళ్ళ మీదుగానే అచ్చులోకి వెళ్ళేవి. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా అచ్చయ్యేది కాదు.

హైమకి నవల రాయాలని ఉండేది. ఆశ పడితే సరిపోదు కదమ్మా, కూర్చుని రాయాలి. మొగుడు భాస్కరం బస్సు కండక్టరు. అతను డ్యూటీకి వెళ్ళిపోయాక, అన్నం ఉడికేలోపు ఒక పేజీ, బట్టలారేలోపు ఒక పేజీ, అలా రాసింది.

ఆ నవలలో రాజ్యం అని ఒక నాటకాల మనిషి ఉంది. ఊరూరా తిరిగే బండి ఆవిడది. ఆ తిరుగుడులో చంటిపిల్లని పెంచలేక, పిల్లల్లేని వాళ్ళింట్లో ఇచ్చేసింది. ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత బండి మళ్ళీ ఆ ఊరి మీదుగానే వెళ్ళింది. అరుగు మీద కూర్చుని జడేసుకుంటున్న పిల్లని రాజ్యం చూసింది. చూసిందే గానీ బండి ఆపమనలేదు. ఊరు దాటేదాకా వెనక్కి తిరిగి కూర్చుంది. అక్కడితో నవల అయిపోయింది.

చివరి మాట రాసిన రోజు హైమ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, "దీన్ని ఎవరైనా చదివితే బావుణ్ణు" అనుకుంది.

అప్పుడు పట్నంలో పుస్తకాలు వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మొదటాయన తీసుకుని బీరువాలో పెట్టాడు. వానలొచ్చాయి, చలొచ్చింది, మళ్ళీ ఎండలొచ్చాయి. ఆయన బీరువా మాత్రం తెరవలేదు. హైమే వెళ్ళి వెనక్కి తెచ్చుకుంది.

రెండో ఆయన చదివాడు. చదివి, "చివర్లో తల్లీకూతుళ్ళని కలిపెయ్యమ్మా, వేసేద్దాం" అన్నాడు.

"వాళ్ళు కలవలేదండీ" అంది హైమ.

"రాసేది నువ్వే కదా! నువ్వు కలిపితే కలుస్తారు."

హైమ ఇంటికొచ్చి కలపబోయింది. ఎన్నిసార్లు రాసినా రాజ్యం బండి దిగనే లేదు. దిగనిదాన్ని ఎలా దింపుతుంది చెప్పు? ఊరుకుంది.

మూడో ఆయన మంచిమాటలు చెప్పాడు. "కథ బంగారంలా ఉంది. కానీ నీ పేరెవరికీ తెలీదు కదా! ఒక పెద్ద రచయిత పేరుతో వేద్దాం. వేలమంది చదువుతారు" అన్నాడు.

వేలమంది! హైమ ఆ మాటే నెమరేసుకుంటూ ఇంటికొచ్చింది. ఎవరి పేరైతేనేం, రాజ్యం కోసం వేలమంది ఏడుస్తారు కదా అనుకుంది. ఒప్పుకుందామని దాదాపు నిశ్చయించుకుంది కూడా.

మర్నాడు అచ్చాఫీసులో ఆ ధ్యాసలోనే ఒక పెళ్ళిపత్రిక చేసింది. పెళ్ళికూతురి తండ్రి వచ్చి చూసుకున్నాడు. చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇదేంటమ్మా, మా అమ్మాయి పేరే లేదు! అందరి పేర్లూ ఉన్నాయి, బావమరిది పేరు కూడా ఉంది. పిల్ల పేరు లేకుండా పెళ్ళికెలా పిలవను?"

హైమ ఆయనకి క్షమాపణ చెప్పుకుని, పత్రిక సరిచేసి ఇచ్చింది. ఆ తర్వాత అరుగు మీదికొచ్చి పట్నానికి ఫోన్ చేసింది. "నా పేరు లేకుండా వద్దండీ" అంది. అని పెట్టేసింది. చేతికందిన వేలమందీ ఆ ఒక్క మాటతో వెళ్ళిపోయారు మరి.

అప్పుడు అచ్చాఫీసు యజమాని గవర్రాజుగారు అన్నారు, "ఆదివారాలు మిషను ఖాళీగానే ఉంటుంది. కాయితం తెచ్చుకుని నువ్వే వేసుకో హైమా."

అలా వేసుకుంది. పేజీలు తనే పేర్చింది, అట్టమీద బండిబొమ్మ తనే పెట్టించింది. భాస్కరం పక్కన కూర్చుని కాయితాలు మడతపెట్టాడు. మొట్టమొదటి పుస్తకం చేతికొచ్చినప్పుడు హైమ అట్టమీద తన పేరుని వేలితో తడిమి చూసుకుంది. సిరా ఇంకా ఆరలేదేమో, వేలికి అంటుకుంది. ఆ వేలు సాయంత్రం దాకా కడుక్కోలేదు, పిచ్చితల్లి.

పుస్తకాలైతే వచ్చాయి. కొనేవాళ్ళేరీ? బస్టాండు కొట్లో పెడితే వారపత్రికల కిందకి వెళ్ళిపోయాయి. పట్నంలో పుస్తకాల సంతకి తీసుకెళితే, జనం తిరగేసి, "బొమ్మ బావుంది" అని పెట్టేశారు. చుట్టాలకి ఊరికే పంచితే పళ్ళెం మీద మూత పెట్టుకున్నారు. మంచం కింద కట్టలు కట్టలుగా ఉండిపోయాయి.

హైమ ఇల్లు ఊడ్చినప్పుడల్లా ఆ కట్టలు చీపురుకి తగిలేవి. వాటిని ఏమీ అనేది కాదు. ఒక్కరు, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒక్కరు చివరిదాకా చదివితే చాలు అనుకునేది. వీధిలో ఎవరైనా ఆగితే తన కోసమేనేమోనని తొంగి చూసేది.

ఒకరోజు మధ్యాహ్నం భాస్కరం ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని వచ్చాడు. "బస్సులో మన పుస్తకం పట్టుకుని, ఈ ఊళ్ళో హైమ ఎవరని అడిగారు. తీసుకొచ్చాను" అన్నాడు.

ఆవిడ పేరు వరహాలమ్మ. బస్టాండులో బస్సు రాకపోతే కాలక్షేపానికి కొనుక్కుందట. గుమ్మంలోనే నిలబడి, "రాజ్యం కథ రాసింది నువ్వేనా?" అంది.

"నేనేనండీ."

"నా సంగతి నీకెవరు చెప్పారు?"

హైమకి అర్థం కాలేదు. "ఎవరూ చెప్పలేదండీ. ఊహించి రాశాను" అంది.

అప్పుడు వరహాలమ్మ గడప మీదే కూర్చుంది. మెల్లగా చెప్పింది. "పిల్లల్లేరని మా చెల్లెలికి నా బిడ్డని ఇచ్చాను. ఎప్పటికీ చెప్పనని ఒట్టేశాను. అది నన్ను పెద్దమ్మా అంటుంది. నిన్న ఫోన్లో కూడా అలాగే పిలిచింది. ఈ మాట ఇన్నేళ్ళలో నా నోట రాలేదు. నీ పుస్తకం చదివాక, నాలాంటిది ఇంకొకతి ఉందనిపించింది. రాజ్యం ఏ ఊళ్ళో ఉంటుందో చెప్పు తల్లీ. ఒక్కసారి వెళ్ళి పక్కన కూర్చుని వస్తాను."

హైమ ఏం చెబుతుంది? ఉందంటే అబద్ధం. లేదనడానికి మనసొప్పలేదు. ఊహించి రాశానని ముందే చెప్పింది, ఆవిడా వింది. అయినా అడుగుతోంది.

లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. పక్కన కూర్చుంది. ఆ తర్వాత పుస్తకంలో రాయనివన్నీ చెప్పడం మొదలుపెట్టింది. రాజ్యానికి పెసరట్టంటే ఇష్టమని చెప్పింది. వేషం కట్టేముందు ఎవరితోనూ మాట్లాడదని చెప్పింది. సంతలో చిన్నపిల్లల గౌను కనిపిస్తే కొనదు గానీ, గుడ్డ నలిపి చూస్తుందని చెప్పింది.

"నేనూ అంతే" అంది వరహాలమ్మ. "ఇంకా చెప్పు."

హైమ చెప్పింది. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది. చెబుతుంటే తనకే తెలియనివి ఎన్నో నోటికొచ్చాయి.

ఆఖరి బస్సుకి ఆవిడని ఎక్కించింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది. ఒక్కరు చదివితే చాలనుకుంది కదా, చదివారు. మరి ఆశ తీరిందా అంటావా? లేదమ్మా. ఇలా పక్కన కూర్చోడానికి మనిషి కావాల్సినవాళ్ళు ఇంకా ఎంతమంది, ఏ ఊళ్ళలో ఉన్నారో అని ఆవిడకి కొత్త బెంగ పట్టుకుంది. ఆ బెంగతోనే ఇంటికొచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, అన్నం ఉడికేలోపు కాయితం ముందు కూర్చుంది.

కథేమో కంచికెళ్ళింది,
కునుకేమో కంటికొచ్చింది.
పడుకో నా తల్లీ, పడుకో.