బురదశిక్ష పడ్డ మొలకలు

ఆఁ, విత్తనాల్ని నేరస్తుల్లా కచేరీకి మోసుకెళ్లిన గవరయ్య సంగతేగా అడిగేవు? ఇను మరి.

ఏ రాజ్యమో పేరు గుర్తులేదు గానీ, ఆ రాజు "నా హుకుం లేందే గడ్డిపరకైనా కదలకూడదు" అనేవోడు. మాట మీరినోణ్ణి మోకాటిలోతు బురదలో నిలబెట్టేవోరు, ఎండైనా వానైనా సరే. అదీ అక్కడి శిక్ష.

ఆ ఏడు తొలకరి ముందే పడింది. ఆస్థానం జోస్యుడు వేళ్లు లెక్కెట్టి, "పది రోజులదాకా ముహూర్తం లేదు ప్రభూ" అన్నాడు. రాజు దండోరా ఏయించేడు, తను చెప్పేదాకా ఏ గింజా మొలవకూడదని!

అప్పటికే గవరయ్య మండె కట్టేసేడు. ఒడ్లు నానబెట్టి, మూటగట్టి, గడ్డి కప్పి, పైన రాయెట్టేడు. పోయిన పెళ్లాం పైడమ్మ తన చేత్తో దాచిన ఆఖరి విత్తనం అది. మూటలో చెయ్యెట్టి చూస్తే ఎచ్చగా ఉంది. ముక్కులు పగిలి తెల్లగా మొలకొచ్చేసింది. ఇవాళ జల్లకపోతే కుళ్లిపోద్ది. జల్లితే బురదశిక్ష.

"ఏంచెయ్యమంటావే పైడీ?" అన్నాడు మూటతో. ఆవిడుంటే నవ్వేసేది. ఆడికీ నవ్వొచ్చింది. మూట నెత్తినెట్టుకుని కోటకి పోయేడు.

"మహాప్రభో, నేరస్తుల్ని తెచ్చేను. మీ దండోరా ఇనిపించేను, ఇన్లేదు. మొలిచేసేయి!"

"ఓరి పిచ్చోడా, గింజలకి చెవులుంటాయిరా?" అన్నాడు జోస్యుడు.

"మరి చెవుల్లేనోళ్లకి ముహూర్తం ఎలా చెప్పేరు బాబూ?"

రాజుకి మండింది. "నా మాటంటే లెక్కలేదా ఈటికి!"

"అందరికీ ఏసే శిక్షే ఎయ్యండి ప్రభూ. పసిమొలకలని వదిలేస్తే రేపు జనం ఇంటారా?"

"బురదలో నిలబెట్టండి! కాపలా కాయండి!"

గవరయ్య బురద ఇదేనని తన నారుమడి చూపించేడు. భటులే జల్లేరు. బల్లేలు పట్టుకుని పిట్టని కూడా వాలనివ్వలేదు.

వారం పోయేక రాజు అటొచ్చేడు. మడంతా చిలకపచ్చ.

"ఎవడిదయ్యా ఇది?"

"మీ ఖైదీలే ప్రభూ. నిలబడమన్నారు, నిలబడ్డాయి. శిక్ష బాగా ఒంటబట్టింది."

రాజుకి తనేసిన శిక్షే గుర్తొచ్చింది. పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు. చేతి కడియం తీసి ఇచ్చేడు. "అందరూ జల్లుకోండి" అన్నాడు. గవరయ్య కడియం తిప్పి తిప్పి చూసుకున్నాడు, పైడమ్మ చేతికైతే వదులయ్యేదని.

రాజు జోస్యుడి కేసి తిరిగేడు. "నీ సంగతి రేపు కచేరీలో చూద్దాం. బురద ఇంకా తడిగానే ఉంది."

తెల్లారేసరికి జోస్యుడు లేడు.