చిలుక పలికిన అమ్మ గొంతు

ఆ ఫోను కాస్త ఆపండర్రా! రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంది ఆ పాట. "వినబడుతోంది కదా, చాల్లే" అంటారా? సరే, ఇటొచ్చి కూర్చోండి. ఈ కథ విన్నాక చెప్పండి.

అనగనగా ఎండలకి మాడిపోతున్న ఓ అడవి. అందులో గవ్వి అనే లేడి. దానికో పసికూన, పేరు బుడిగాడు. దగ్గరున్న వాగు ఎండిపోయింది. నీళ్లు కావాలంటే రెండు గుట్టలు దాటాలి. బుడిగాడు అంత దూరం నడవలేడు. గవ్వి నీళ్లు తాగకపోతే వాడికి పాలుండవు. అందుకని వాణ్ని ఎత్తుగా పెరిగిన బోదగడ్డిలో దాచి వెళ్లాలి. వాడేమో అమ్మ గొంతు వినబడకపోతే బెంగపడి బయటికొచ్చేస్తాడు. బయటేమో నక్క ఉంది.

ఆ అడవిలో ఇలాంటి తల్లులకి ఒక దారి ఉంది. గొంతు పట్టే పక్షికి తమ గొంతు అప్పజెప్పి వెళ్తారు. అది కొమ్మ మీద కూర్చుని అచ్చం తల్లిలాగే "కదలకు నాన్నా" అంటూ ఉంటుంది.

గవ్వి ముసలి గోరువంక దగ్గరికి వెళ్లి, "కదలకు నాన్నా" అని వినిపించింది.

"మళ్లీ అను," అంది గోరువంక.

గవ్వి మళ్లీ అంది.

"ఊహూఁ. చివర్లో నీ గొంతు కాస్త వణుకుతుంది చూడు, అది నాకింకా అందలేదు. ఇంకోసారి."

గవ్వి మూడోసారీ అంది.

"ఇప్పుడు నీ గొంతు ఎండిపోయింది. రేపు పొద్దున్నే వస్తే తాజాగా విని పట్టేస్తాను," అంది గోరువంక.

గవ్వికి ఒళ్లు మండింది. "నాలుక పిడచకట్టుకుపోతుంటే నీ చాదస్తం ఏమిటత్తా!" అని విసవిసా వెళ్లిపోయింది.

దారిలో చిలుక ఎదురైంది. "ఒక్కసారి అను వదినా, చాలు," అంది. గవ్వి అనగానే ఠక్కున అప్పజెప్పేసింది. మాటలు అవే. గొంతే పీలగా, పైపైన ఉంది.

"ఎలా ఉందంటారు?" అని గవ్వి అక్కడున్న కుందేళ్లని అడిగింది.

"మాట అర్థమవుతోంది కదమ్మా! ఇంకేం కావాలి?" అన్నాయి కుందేళ్లు.

మొదటి రోజు సాయంత్రం బుడిగాడు మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "అమ్మా, అది నీ గొంతులా లేదే. ఏదో తక్కువైంది," అన్నాడు.

"ఏం తక్కువైంది?"

"తెలీదు. నాకు నచ్చలేదు."

"కదలకుండా ఉన్నావా లేదా? మరింకేం!" అని కసిరింది గవ్వి.

రెండో రోజు వాడు ఏమీ అనలేదు. గుట్టలెక్కి దిగేసరికి గవ్వికి గొంతు పెగిలేది కాదు. అందుకని సాయంత్రం "బయటికి రా నాన్నా" అని పిలిచే పని కూడా చిలుకకే అప్పగించింది. వాడు వచ్చేవాడు, పాలు తాగేవాడు, నిద్రపోయేవాడు. వాడు లేవకముందే గవ్వి మళ్లీ గుట్టలెక్కేది. కొన్నాళ్లు అలాగే గడిచాయి. హమ్మయ్య, అంతా సవ్యంగా ఉంది అనుకుంది గవ్వి.

పొద మాటున నక్క అన్నీ వింటోంది. తల్లి లేడి గొంతు నక్కకి ఏడు జన్మలెత్తినా రాదు. కానీ చిలుక పీలగొంతా? ఓస్, అదెంత పని!

ఒక సాయంత్రం గవ్వి గుట్ట దిగుతుంటే "బయటికి రా నాన్నా!" అన్న పిలుపు వినబడింది. చిలుక అప్పుడే పిలిచేస్తోందేమిటి అనుకుంటూ తలెత్తింది. చిలుక దాని నెత్తిమీదుగానే ఎగిరొస్తోంది, ముక్కున తునికిపండుతో. మరి అక్కడ పిలుస్తున్నదెవరు?

బోదగడ్డి కదిలింది. బుడిగాడి చెవులు పైకి లేచాయి. అవతల పొదలో రెండు కళ్లు మెరిశాయి.

"వెళ్లకు! అది నక్క! బుడిగా, నా దగ్గరికి రా!" అని గవ్వి ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

బుడిగాడు ఆగాడు. గడ్డి అడ్డంగా ఉంది, ఎవరూ కనబడటం లేదు. అటు నుంచి రోజూ వినే పీలగొంతు. ఇటు నుంచి ఎవరిదో లోతైన గొంతు, వణుకుతున్న గొంతు. వాడికి భయమేసింది. భయమేస్తే పిల్లలెటు పరుగెడతారు? అమ్మ దగ్గరికే కదా! వాడు పీలగొంతు వైపే పరుగెత్తాడు.

అయ్యో, అయ్యో! గవ్వి ఇక పిలవలేదు. ఒక్క దూకు దూకింది. ముళ్లు చీరేస్తున్నా ఆగలేదు. నక్క నోరు తెరిచి మీదికి ఉరికేలోపే వచ్చి దాని మొహం మీద కాలితో ఒక్కటిచ్చింది. నక్క పళ్లు గవ్వి డొక్కలో దిగాయి. గవ్వి ఇంకోటి తన్నింది. నక్క కుయ్యోమొర్రోమంటూ పారిపోయింది.

"నాన్నా, నీకేం కాలేదు కదా?" అని రొప్పుతూ పిల్ల దగ్గరికి వెళ్లింది గవ్వి.

బుడిగాడు బెదిరిపోయి వెనక్కి జరిగాడు. "నువ్వు మా అమ్మలాగే ఉన్నావు. కానీ మా అమ్మ గొంతు ఇలా ఉండదు," అన్నాడు.

డొక్కలోంచి రక్తం కారుతున్నా ఏడవని గవ్వి, ఆ మాటకి బావురుమంది. వాడు దగ్గరికి రాలేదు. దూరంగానే నిలబడి చూస్తున్నాడు.

నీతి: పని గడిచిపోతోంది కదా అని చెవికి నాసిరకం అలవాటు చేస్తే, మోసగాడి గొంతు మనదనిపిస్తుంది, మనవాళ్ల గొంతు పరాయిదవుతుంది.