ఎప్పుడూ నిండే ఉండే హోటలు

పైడయ్య గురువుగారు భోజనం అయ్యాక ప్రశ్నలు వినరు. అడగదలచుకున్నవాళ్ళు ఆయన తినకముందే అడగాలి. ఆకలి మీదున్న మనిషి జవాబులో అబద్ధం తక్కువని ఆయన నమ్మకమని కొందరంటారు. తిన్నాక నిద్రొస్తుంది, అంతకన్నా ఏమీ లేదని గవర్రాజుగారంటారు. గవర్రాజుగారు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. శిష్యుల్లో పాతవారు. విశాఖపట్నంలో ఏ సందులో ఏ కూర బాగుంటుందో కళ్ళు మూసుకుని చెబుతారు. ఇద్దరినీ నాకు చూపించింది మా చెల్లెలు.

నేనడిగిన ప్రశ్న చిన్నది. మా అబ్బాయి చెప్పిన హోటలు నిజంగా ఉందా, నా మనసు కుదుటపడాలని కల్పించి చెప్పాడా అని.

మా అబ్బాయికి తాత పేరు పెట్టాం, సన్యాసిరావని. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో స్నేహితులు దాన్ని సన్నీ చేసేశారు. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఇక మన ఊరి తిండి తింటానని సంబరపడ్డాడు. నాకది ఊరు. వాడికి వేసవి సెలవులు, అంతే. సాయంత్రాలు ఫోను చేసి ఆవేళ కనిపెట్టిన హోటలు గురించి చెప్పేవాడు. ఒకచోట పప్పు బాగుంది. ఒకచోట సాంబారులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఒకచోట చేప ముక్క కంటే ముల్లే పెద్దది. ఆఖరికి ఒక చోటు దొరికింది. దాంతో వెతకడం మానేశాడు.

పాత ఊళ్ళోనట. బోర్డు లేదు. గుమ్మానికి గోనె పరదా, బయట అరుగు. నెత్తళ్ళ వేపుడు, చింతచిగురు పప్పు. "ఎప్పుడెళ్ళినా నిండే ఉంటుందమ్మా, బయట నిలబడాలి. కానీ నిలబడితే పిలిచి పెడతారు" అన్నాడు. నేనొచ్చినప్పుడు తీసుకెళ్తానన్నాడు.

ఆషాఢంలో, వానలో, బండి జారి పోయాడు.

గది ఖాళీ చెయ్యడానికి వచ్చాను. స్టవ్వు లేదు, గిన్నె లేదు. మంచం కింద బిస్కెట్ పాకెట్లు, అందులో ఒకటి సగం తిన్నది. తలుపు వెనక తగిలించిన బెల్టుకి మేకుతో కొత్తగా పొడుచుకున్న కన్నం ఒకటి ఉంది. ఆ బెల్టు చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాను. ఖరగ్‌పూర్ తిరిగి వెళ్ళలేదు. చెల్లెలి ఇంట్లోనే ఉన్నాను. నాకు కావలసింది ఒక్కటే. వాడు ఈ ఊళ్ళో అన్నం తిన్నాడా, పస్తులున్నాడా.

గురువుగారు జవాబు చెప్పలేదు. గవర్రాజుగారు చెప్పారు. ఎప్పుడూ నిండే ఉండే హోటళ్ళలో తనకి తెలియనిది ఈ ఊళ్ళో లేదన్నారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన ఆటోతో సహా వీధిలో ఉండేవారు. జనం తోసుకునే చోట్లన్నీ చూపించారు. చేతిలో టోకెన్లతో గోడకి ఆనుకుని నిలబడ్డాం. తినేవాళ్ళ వెనక నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూశాం. ప్రతిచోటా నేనొక ముద్ద తిని, ఫోనులో వాడి ఫొటో చూపించేదాన్ని. వడ్డించేవాళ్ళు పాపం వంగి చూసేవాళ్ళు. రోజూ ఇంతమంది వస్తారు కదమ్మా అనేవాళ్ళు.

గవర్రాజుగారు మారు అన్నం పెట్టించుకుని, ఇదే అయ్యుంటుందమ్మా, ఈ వేపుడు తిన్నవాడు ఇంకోచోటికి పోడు అనేవారు. మర్నాడు ఇంకోచోట అదే మాట అనేవారు. ఒకరోజు పాత ఊళ్ళో ఒక సందు మొగలో గోనె పరదా కనిపించింది. ఆపమన్నాను. ఆయన ఆటోలోంచి తొంగిచూసి, ఇది కాదమ్మా, నలుగురు కలాసీలు తప్ప జనం ఏరీ, నిండుండాలన్నారు కదా అన్నారు. నిజమే అనిపించింది. ముందుకి వెళ్ళిపోయాం.

చూడవలసినవి అయిపోయాక గురువుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన భోజనానికి బయలుదేరుతున్నారు. అలాంటి చోటు లేదు గురువుగారూ, వాడు నాకు అబద్ధం చెప్పి ఖాళీ కడుపుతో తిరిగాడు అన్నాను. ఏడవలేదు. అప్పటికి ఏడుపు కూడా రావడం లేదు.

ఆయన ఒక్క మాట అడిగారు, అబ్బాయి డ్యూటీ ఎప్పుడు దిగేవాడని. రెండు దాటాక అన్నాను. ఆయన చెప్పులు విప్పేసి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. గవర్రాజుగారు గడియారం చూసుకున్నారు, దగ్గారు, ఈ ఊళ్ళో మూడింటికి మెతుకు దొరకదని చెప్పి చూశారు. గురువుగారు కదలలేదు. మూడు కావస్తుండగా లేచి, పదమ్మా అన్నారు.

ముగ్గురం ఏమీ తినకుండానే బయలుదేరాం. అంతకుముందు మేం తోసుకుంటూ నిలబడ్డ హోటళ్ళలో బల్లల మీద కుర్చీలు తిరగేసి ఉన్నాయి. నేల కడుగుతున్నారు. పాత ఊళ్ళో, దారిలో నేను చెప్పిన ఆ గోనె పరదా ముందు గురువుగారు ఆటో ఆపించారు. లోపల చీకటి. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు. అమ్మా, భోజనం ఉందా అని ఆయన పిలిచారు.

"నిండుకుంది బాబూ" అంది లోపలినుంచి ఒక గొంతు.

గవర్రాజుగారు ఆటో వైపు తిరిగారు. నేనూ తిరిగాను. అన్నం లేదని నోటితో అనకూడదు కనక మనవాళ్ళు నిండుకుందంటారు. ఆ మాట విన్నాక ఇంకా గుమ్మంలో నిలబడితే, ఆ ఇంటివాళ్ళ లేమిని ఎత్తిచూపినట్టు. చిన్నప్పటి నుంచీ కాళ్ళకే తెలుసు, తిరిగిపోవాలని.

గురువుగారు తిరగలేదు. అరుగు పక్కన నిలబడ్డారు.

పరదా తొలగింది. ఆవిడకి నాకంటే కాస్త పెద్ద వయసు ఉంటుంది. చేతులకి గిన్నెలు తోమిన మసి. పేరు నూకరత్నమని తరవాత తెలిసింది. ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వింది.

"నిండుకుందని సెప్పాను కదా బాబూ. ఈ మాట తెలీనోడు ఒక్కడే ఉన్నాడనుకున్నాను. మీరు రెండోవోరా?"

ఆ ఒక్కడు ఎవరని గురువుగారు అడిగారు. ఆవిడ అరుగు మీద కూర్చుని చెప్పింది. చలికాలంలో ఒక కుర్రాడు వచ్చాడట, ఈ వేళప్పుడే. మెళ్ళో కంపెనీ బిళ్ళ. నిండుకుంది బాబూ అంటే, పర్లేదాంటీ, వెయిట్ చేస్తాను అన్నాడట. ఈ సందులో తనని ఆంటీ అన్నవాడు వాడొక్కడే. చూరు కింద నిలబడ్డాడు. గిన్నెలు తోమేసి వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు. పిచ్చోడో, అంత ఆకలో తెలియలేదు. నిలబడ్డవాణ్ణి పొమ్మని ఎలా అంటాం అని, తనకోసం దాచుకున్నది అరుగు మీద పెట్టింది. మర్నాడూ వచ్చాడు. మళ్ళీ అదే మాట. కొన్నాళ్ళకి వాడి కోసం ఒక గుప్పెడు ఎక్కువ పోసేదిట.

"అన్నం ఉంచి కూడా నిండుకుందనే అనీదాన్ని. లోపల జనం ఖాళీ అవ్వాలనుకుని బుద్ధిగా నిలబడీవోడు. ఆ నిలబడ్డం సూడ్డానికి నవ్వొచ్చీది."

గవర్రాజుగారు నా వైపు చూడలేదు. తల దించుకున్నారు. మా క్వార్టర్సులో బియ్యం అయిపోతే నేను ఖతం అనేదాన్ని. నిండుకుందంటే వాడికి తెలిసిన అర్థం ఒక్కటే.

ఫొటో తీసి చూపించాను. ఆవిడ మసి చేతులు వెనక్కి పెట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. అక్కని పిలిచినట్టు, నీ కొడుకా అప్పా అంది. తల ఊపాను.

"వాన్లు మొదలైన కాడ్నించీ రావట్లేదు. ఊరు మారిపోనాడా?"

"పోయాడు" అన్నాను.

నేనన్నది ఒకటి. ఆవిడకి వినిపించింది ఒకటి. ఇంకోసారి అనడానికి నాకు నోరు రాలేదు.

"ఒక్క మాట సెప్పి పోవద్దా" అందావిడ. కోపం కాదు, నిష్ఠూరం. రాఖీ పున్నమి దాకా గుప్పెడు బియ్యం పోస్తూనే ఉందట. వస్తాడేమోనని. అది రోజూ మిగిలిపోతుంటే మనసు కష్టమై మానేసిందట. "పోన్లే అప్పా. ఏ ఊరైతేనేం. ఎక్కడో అక్కడ ఏ తల్లో పెడతనే ఉంటాది."

నేను వెళ్ళి చూరు కింద నిలబడ్డాను. ఎందుకో నాకు తెలియదు. ఆవిడ కంగారుపడింది. నిజంగానే ఏమీ లేదప్పా, నీకు పెట్టకుండా దాస్తానా అంది. కుండ తెచ్చి వంచి చూపించింది. అడుగున మెతుకు లేదు. తోమిన తడి ఉంది. నేను కదల్లేదు. గవర్రాజుగారు ఏదో అనబోతే గురువుగారు చెయ్యెత్తి ఆపారు. ఆవిడ చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఇంకేం చెయ్యాలో తెలియక నా పక్కనే కొంతసేపు నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

నీళ్ళు తాగాను. గురువుగారి వైపు తిరిగి, రేపు కూడా వచ్చి ఇలాగే నిలబడనా అని అడిగాను. వాడికి పెట్టినట్టు నాకూ ఒక ముద్ద పెడుతుందేమో అన్నాను.

ఆ పూట ఆయనా ఏమీ తినలేదు.

"రావచ్చు, నిలబడొచ్చు" అన్నారు. "కానీ ఆ మాటకి అర్థం నీకు తెలుసు కదమ్మా."